గ్రీజు పెట్టని మనిషి

మోటారు పాడైతే కొందరికి దిగులు పడుతుంది. నాకు కోపం వస్తుంది. ఆ కోపం ఎవరో ఒకరి మీద దిగేదాకా నాకు అన్నం సయించదు. ఈ సంగతి మా ఇంట్లోనూ తెలుసు, పని చేసే చోటా తెలుసు. ఒక వేసవిలో అది దిగకూడని మనిషి మీద దిగింది.

శంషాబాద్ దాటాక బెంగళూరు రోడ్డు పక్కన ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో నేను మెకానిక్‌ని. విమానం ఎక్కాల్సిన పండ్లు, పూలు, కూరగాయలు మా గదుల్లో ఒకటి రెండు రోజులు చల్లగా పడుకుని వెళ్తాయి. ఇంట్లో ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది కదా, లోపలి వేడిని అలా బయటికి తోస్తేనే లోపల చల్లబడుతుంది. మా దగ్గర ఆ వేడిని మోసుకుపోయేవి నీళ్లు. నీళ్లను తిప్పేది పంపు, పంపును తిప్పేది మోటారు. నీళ్లు ఆగాయంటే కొద్ది నిమిషాల్లోనే కంప్రెసర్ తనంతట తాను ఆగిపోతుంది. అందుకే పంపులు రెండు పెట్టారు. ఒకటి తిరుగుతుంటే రెండోది ఊరికే ఉంటుంది, దీనికి ఏదైనా అయితే అది అందుకుంటుంది. కాగితం మీద ఈ ఏర్పాటు చాలా బాగుంటుంది.

నిజానికి ఒకటో నంబరు పంపు పాతది, బలం తక్కువది. చలికాలం నెట్టుకొస్తుంది గానీ ఎండలు ముదిరితే దానివల్ల కాదు. కాబట్టి వేసవంతా మా ప్రాణాలు రెండో నంబరు మోటారు చేతిలోనే ఉంటాయి.

మా దగ్గర మనుషుల్ని ఊరి పేరుతో పిలుస్తారు. నాది మహేశ్వరం వైపు, కాబట్టి నేను మహేశ్వరం. మా మెట్ట చెలకలు ప్లాట్లు కాకముందు బోరు మోటార్లు పైకి లాగీ, విప్పీ, మళ్లీ దించీ ఈ విద్య నేర్చుకున్నాను. నా తర్వాత మధ్యాహ్నం షిఫ్టుకి వచ్చే మెకానిక్ సాతంరాయి. నాకంటే పదేళ్లు చిన్న. మాట తక్కువ. పని చేస్తున్నంతసేపూ కింది పెదవిని పంటి కింద పెట్టుకుంటాడు. వాల్వు దగ్గర కారుతున్న నీటిని నేను తిట్టుకుంటూ బిగిస్తే, అతను దాన్ని కాసేపు చూసి, ఏమీ అనకుండా బిగిస్తాడు. ఆ ఏమీ అనకపోవడమే నాకు చిరాకు. మనిషి అన్నాక ఒక మాట అనాలి కదా.

పంపు గదిలో గోడకి ఒక రిజిస్టరు వేలాడుతుంటుంది. చేసిన ప్రతి పనీ అందులో రాయాలి. ఏ మోటారుకి గ్రీజు పెట్టాం, ఏ జాలీ కడిగాం, ఏ నట్టు బిగించాం, అన్నీ. సాతంరాయి రాత చూస్తే నాకు నవ్వు ఆగేది కాదు. ఒకరోజు షిఫ్టు మారే వేళ ఆపరేటర్లూ, లోడింగు వాళ్లూ అందరూ ఉండగా ఆ పేజీ ఎత్తి పట్టుకుని, "ఏంది తమ్మీ, రిజిస్టర్ల కోడి గిట్ట సొచ్చిందా? మొత్తం కెలికి పెట్టింది" అన్నాను. అందరూ నవ్వారు. సాతంరాయి కూడా నవ్వాడు. నాకు ఎగతాళి చేయడం అన్నం తిన్నంత మామూలు, సాయంత్రానికి మర్చిపోయాను.

ఆ తర్వాత అతని షిఫ్టు గడులు ఖాళీగా ఉండడం మొదలైంది. ఎప్పుడన్నా ఒక టిక్కు, అంతే. నేను దాన్ని బద్ధకం అనుకున్నాను.

వేసవి మొదట్లో రెండో నంబరు మోటారు మొదటిసారి అరిచింది. బేరింగు సంగతి తెలుసుకోవాలంటే నేను స్క్రూడ్రైవర్ మొన మోటారు మీద ఆనించి, పిడిని చెవికి ఆనిస్తాను. బేరింగు బాగుంటే లోపల బియ్యం చెరుగుతున్నట్టు సన్నగా వినిపిస్తుంది. ఆరోజు రాళ్లు నములుతున్నట్టు వినిపించింది. నిర్ధారించుకుందామంటే నెత్తి మీద ఒకదాని వెనక ఒకటి విమానాలు. ఒకటి దాటిపోయేదాకా ఆగి, చెవి పెట్టేలోపు ఇంకొకటి. వాటిని కూడా తిట్టాను.

మేనేజర్ సారు ఫోన్. "ఎంతసేపు పడుతది?" విప్పుతున్నాను సార్. పది నిమిషాలకు మళ్లీ, "అయిందా?" స్టోర్స్ వాళ్లు కొత్త బేరింగు పంపారు. డబ్బా మీద నంబరు సరైనదే, లోపలున్నది వేరే సైజు. మళ్లీ మనిషి వెళ్లి, మళ్లీ వచ్చి, నేను బేరింగు ఎక్కించి మోటారు తిప్పేసరికి మూడు పూటలు గడిచాయి. ఆ మూడు పూటలూ ఒకటో నంబరు మీద ప్లాంటు ఈదుకుంటూ బతికింది. గదుల్లో చల్లదనం ఒక్కో డిగ్రీ తగ్గుతుంటే బోర్డు ముందు నిలబడి పళ్లు కొరుక్కున్నాను.

నెల తిరక్కుండానే అదే మోటారు, అదే బేరింగు, అదే అరుపు. ఈసారి మామిడి పండ్ల పెట్టెలు గదుల నిండా ఉన్నాయి. విప్పి చూస్తే బేరింగులో గ్రీజు లేదు. ఉన్నదల్లా గోధుమ రంగు పెచ్చు, గోరుతో గీకితే పొడిపొడిగా రాలింది. గ్రీజు ఎండిపోయింది, అంటే పెట్టలేదు. నేను సోమవారం సోమవారం పెడతాను, పెట్టి రాస్తాను. గురువారం గ్రీజు సాతంరాయి వంతు. గడి చూస్తే ఖాళీ. పై వారం చూశాను, ఖాళీ. ఇంకేం కావాలి?

బ్రేక్‌డౌన్ కాగితంలో కారణం అని ఒక గడి ఉంటుంది. మామూలుగా అందులో "బేరింగు అరుగుదల" అని రాసి ఊరుకుంటాం. ఆరోజు చేతులకి మసి, నెత్తి మీద విమానాలు, చెవిలో మేనేజర్ సారు గొంతు. నేను పెన్ను అడిగి తీసుకుని మరీ రాశాను: "రెండవ షిఫ్టులో గ్రీజు పెట్టుట లేదు." కింద సంతకం. రాశాక కడుపులో చల్లబడింది. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ పూట అన్నం బాగా తిన్నాను.

మర్నాడు మేనేజర్ సారు ఇద్దరినీ గదిలోకి పిలిచారు.

"గ్రీజు పెడ్తలేవా?" అని సాతంరాయిని అడిగారు.

"పెడ్తున్న సార్."

"మరి రిజిస్టర్ల ఎందుకు రాస్తలేవు?"

సాతంరాయి నా వైపు చూశాడు. చూసి, కింది పెదవి పంటి కింద పెట్టుకున్నాడు. చేతకానివాడి మౌనం అనుకున్నాను. మేము కాంట్రాక్టరు మనుషులం, మమ్మల్ని ఇటునుంచి అటు మార్చడానికి పెద్ద తతంగం అక్కర్లేదు. వారం తిరగకముందే అతన్ని లోడింగుకి పంపారు. మెకానిక్ చేతులు పెట్టెలు మోయడం మొదలుపెట్టాయి. మందపాటి కోటు వేసుకుని చలి గదిలోకి పోవడం, పెట్టె ఎత్తుకుని ఎండలోకి రావడం, మళ్లీ చలిలోకి పోవడం. దారిలో ఎదురైతే తల దించుకునేవాడు. తప్పు చేసినవాడు దించుకోడా మరి, అనుకున్నాను.

అతని చోటుకి వచ్చిన కొత్త మనిషిని నేను రెండో నంబరు మోటారు దగ్గరికి రానివ్వలేదు. "నువ్ దాన్ని ముట్టకు, నేను జూస్కుంట" అన్నాను. సోమవారం గ్రీజు, గురువారం గ్రీజు, ఎండ ఎక్కువగా ఉంటే మధ్యలో గ్రీజు గన్నుతో ఇంకో నాలుగు పోట్లు. ఇంటికొచ్చిన చుట్టానికి వద్దన్నా వడ్డించినట్టు వడ్డించాను. నా చేతిలో పడ్డాక ఇగ దీనికి ఢోకా లేదని ఆపరేటర్ల ముందు అన్నాను కూడా.

ఆషాఢంలో మోటారు కాలిపోయింది. అరుపూ లేదు, హెచ్చరికా లేదు. లోపలి రాగి తీగ చుట్టలు, అంటే వైండింగు, కాలిన వాసన గదంతా పట్టేసింది. బేరింగు పోవడం వేరు, వైండింగు కాలడం వేరు. ఇది నా చేతిలో అయ్యే పని కాదు. ట్రాలీ ఆటోలో వేసుకుని శంషాబాద్‌లో రీవైండింగు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. దారి పొడవునా కోపమే. కానీ ఈసారి అది ఎక్కడ దిగాలో దానికే తెలియడం లేదు. సాతంరాయి లేడు. కొత్తవాడు ముట్టలేదు. కంపెనీ మోటారే మంచిది కాదని తీర్మానించుకున్నాను.

పెద్దాయన మోటారు విప్పాడు. ఇంతకుముందు రెండుసార్లూ నేను ఒత్తిడిలో ఒక వైపు మూత విప్పి, బేరింగు మార్చి, మళ్లీ బిగించాను. ఆయన రెండు వైపులా విప్పి, లోపలి చక్రాన్ని బయటికి లాగాడు. తర్వాత చెయ్యి లోపల పెట్టి, పిడికెడు గ్రీజు తీసి పేపరు మీద వేశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ పిడికెడు. నల్లగా, మెత్తగా, వైండింగు సందుల నిండా అదే.

"ఏంది బిడ్డా, మోటర్ల గింత గ్రీజా?" అన్నాడు. "ఎవరు పెట్టిన్రు?"

నేను వంగి ఆ గ్రీజుని వేళ్ల మధ్య నలిపి చూశాను.

"బేరింగుకు జరంత చాలు. ఎక్కువైతే గ్రీజే చిలికి చిలికి వేడెక్కుతది. నూనె ఇడిసి పెచ్చు కడ్తది. చూసెటోనికి గ్రీజు పెట్టనట్టే కనవడ్తది. మిగిలింది గిట్ల లోపటికి వోయి వైండింగును కాలవెడ్తది. ఎక్కువైతే అమృతం గూడ ఇసమే." అని మోటారు మూతను తిప్పి, కింద వేలితో తడిమాడు. "ఇగో, ఎక్కువైంది బయటికి వచ్చేతందుకు ఈడ బిరడ ఉంటది. గ్రీజు వెట్టేటప్పుడు దీన్ని ఇప్పాలె. ఏడుంది?"

నాకు తెలియదు. ఆ మోటారు మీద అన్నేళ్లు పనిచేసినా నేను ఆ బిరడా ఎప్పుడూ చూడలేదు. ఆయన పాత బ్లేడుతో గీకాడు. పైన నీలం రంగు లేచింది. కింద పచ్చ. దాని కింద మళ్లీ నీలం. ఆ కింద ఇత్తడి బిరడా, రంగుతో కరుచుకుపోయి ఉంది.

ఆ రంగులు నావే. దసరాకి మా దగ్గర యంత్రాలన్నిటికీ పూజ చేస్తారు. రెండు రోజుల ముందే మోటార్లన్నీ తుడిచి, కొత్తగా రంగు వేసి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేస్తాం. రంగు వేసే పని నేను ఎవరికీ ఇవ్వను. నా కుంచె అంత నున్నగా ఎవరిదీ నడవదని నాకు గర్వం. ఒక చుక్క జారకుండా, ఒక సందు వదలకుండా వేస్తాను. సందు వదలకపోవడం అంటే ఏమిటో ఆరోజు చూశాను. పెద్దాయన థిన్నర్‌లో గుడ్డ ముంచి మోటారు పక్కన రుద్దితే ఒక రేకు బయటపడింది. ఎన్ని గంటలకోసారి, ఎన్ని గ్రాములు గ్రీజు పెట్టాలో కంపెనీవాళ్లు చెక్కి పెట్టిన రేకు. మేము ఒక్క వారంలో రెండుసార్లుగా పెట్టిన గ్రీజు దానికి ఏడాదంతా సరిపోయేది. దాని మీద కూడా నా కుంచె నున్నగా నడిచింది. పైన పటారం, లోన లొటారం అంటారు కదా, అది నేను నా చేతులతో చేసి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టాను.

ఒకటో నంబరు మోటారుకి గ్రీజు పెట్టే వీలే లేదు. దానిలో మూసేసిన బేరింగులు. ఎవరమూ దాన్ని పట్టించుకోలేదు కాబట్టి అది హాయిగా బతికింది.

ఆ దుకాణంలో స్టూలు మీద కూర్చుని లెక్క వేసుకున్నాను. నేను సోమవారం పెట్టాను. సాతంరాయి నిజంగా పెట్టి ఉండకపోతే, నా ఒక్కడి గ్రీజుతో ఆ రెండు బేరింగులు అంత తొందరగా పోవు. అంటే అతను పెట్టాడు. ప్రతి గురువారం పెట్టాడు. పెట్టాడనడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యమే ఆ ఎండిన పెచ్చు. దాన్నే చూపించి పెట్టలేదని రాశాను. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. కోపానికి చోటు దొరికింది గానీ, ఈసారి దింపుకున్నా చల్లబడలేదు.

మోటారు బాగై వచ్చిన మర్నాడు మేనేజర్ సారు దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన విన్నారు. విని, "సరే, ఇగ మీదట కొలిచి పెట్టున్రి" అన్నారు.

"సాతంరాయి సంగతి సార్?"

"అది అయిపోయింది గదా. కాయిదాలు పైకి పోయినయ్. ఇప్పుడు మల్ల తవ్వుడెందుకు?"

"నేను రాసింది తప్పు సార్."

"మోటర్ నడుస్తుందా లేదా? నడుస్తుంటే ఇడిసిపెట్టు."

పుండు మీద కారం చల్లినట్టైంది. అతన్ని తీసేయడానికి నేను రాసిన ఒక్క వాక్యం చాలింది. వెనక్కి తేవడానికి నోరు నొప్పి పుట్టేలా చెప్పినా చాలడం లేదు. రోజూ వెళ్లాను. ఒకరోజు ఆయన ఫోనులో ఉంటారు, ఒకరోజు ఆడిట్, ఒకరోజు కాంట్రాక్టరుని అడగాలంటారు. కాంట్రాక్టరు మేనేజర్‌ని అడగమంటాడు. చివరికి ఇంకో కాగితం తీసుకుని రాశాను. రెండవ షిఫ్టు వారు గ్రీజు పెట్టినారు, బిరడా మీద రంగు వేసినది నేను, ఎక్కువ గ్రీజు పెట్టినది నేను, కావాలంటే నన్ను లోడింగుకి పంపండి అని రాసి, సంతకం చేసి, బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. "నువ్వు పెద్ద పరేషాన్ మనిషివయ్యా" అన్నారు. "సోమవారం నుంచి రమ్మను."

నేను దాదాపు పరుగున లోడింగు దగ్గరికి వెళ్లాను. సాతంరాయి చలి గదిలోంచి పెట్టెతో బయటికి వచ్చాడు. పెట్టె దించేదాకా ఆగి చెప్పాను. గ్రీజు, బిరడా, రంగు, కాగితం అన్నీ. సంతోషిస్తాడనో, బూతులు తిడతాడనో అనుకున్నాను. రెండిటికీ సిద్ధపడే వెళ్లాను.

అతను కోటు గుండీ విప్పుకుంటూ, "అంటే నేను పెట్టిన గ్రీజు లోపటికి పోయిందన్నట్టే గదా?" అని అడిగాడు.

"పోయింది తమ్మీ. ఎక్కువే పోయింది."

"నేనే సరిగ్గ పెడ్తలేనేమో అనుకున్ననే అన్నా ఇన్ని దినాలు. గన్ను కొడుతున్న గాని లోపటికి పోతలేదేమో, నాకు సమజైతలేదేమో అని. నీ అసుమంటోడు రాసిండంటే ఉత్తగ రాస్తడా అనుకున్న."

ఒకటే అడగగలిగాను. "మరి రిజిస్టర్ల ఎందుకు రాయలే?"

"అందరు నవ్విన్రు గదనే" అన్నాడు, అదేదో చిన్న సంగతి అన్నట్టు.

సోమవారం వస్తావా అంటే వస్తానన్నాడు. కానీ ముందు ఒక పని చేయమన్నాడు. "నా బిడ్డ పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రికల్ సదువుతుంది. మెకానిక్ పని ఎందుకు పోయిందని అడిగితే, నా తప్పుతోటి మోటర్ పాడైందని చెప్పిన. సారుకు చెప్పినట్టు ఆమెకు చెప్పు. ఇంటికొచ్చి చెప్పు."

ఆదివారం పొద్దున సాతంరాయిలో వాళ్ల ఇంటికి వెళ్లాను. అతని భార్య కుర్చీ వేసి, "కూసో అన్నా" అని చాయ్ ఇచ్చింది. బిడ్డ గడప దగ్గర నిలబడింది. తండ్రి పోలికే, మాట తక్కువ. నేను మొదటి నుంచి చెప్పాను, ఏదీ దాచకుండా, కోడి కెలికిందన్న ఎగతాళితో సహా. సాతంరాయి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ పిల్ల మధ్యలో ఒక్కసారి, ఎన్ని పోట్లు కొట్టేవారని అడిగింది, నేను చెప్పిన జవాబుతో మనసులో ఏదో లెక్క కట్టుకుంది. చివర్లో నేను, "మీ నాయిన తప్పు ఏం లేదు బిడ్డా, అంత నాదే" అన్నాను. అని, పని అయిపోయిందనుకుని చాయ్ గ్లాసు అందుకున్నాను.

"పెద్దనాయినా," అంది ఆ పిల్ల, గొంతు పెంచకుండానే. "ఆ కాయిదం మీద రాసేటప్పుడు, గ్రీజు పెట్టినవా లేదా అని మా నాయినను ఒక్కసారన్న అడిగినవా?"

గ్లాసు చేతిలోనే ఉంది. సాతంరాయి గోడ మీంచి చూపు తిప్పి, మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"లేదు బిడ్డా," అన్నాను. "అడగలేదు."